తంగేడును నీళ్ళు పోసి చంపకండి

నమస్తే అండీ. నా వెనకాల పసుప్పచ్చగా విరగబూసింది చూశారా? తంగేడు. మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ వస్తే హైదరాబాద్‌లో కట్టకింత అని బేరమాడి కొంటాం గానీ, మిద్దె మీద పెంచుదామని ఎవరికీ తోచదు. మూడేళ్ల కింద దాకా నాకూ తోచలేదు.

మొదటిసారి ఊరవతల గుట్ట పక్కన ఒక మొక్కను పీక్కొచ్చి పెట్టాను. వారానికే ఎండిపోయింది. దీని తల్లివేరు లోతుకు దిగుతుంది, అది తెగితే బతకడం కష్టం. రెండోసారి విత్తనం నాటి, మల్లెచెట్టుకు పోసినట్టే రోజూ చెంబెడు నీళ్ళు పోశాను. ఆకులు పండిపోయి రాలాయి. కుండీ తవ్వి చూస్తే వేరు కుళ్ళిపోయి ఉంది. రాళ్ళ నేలలో, మండుటెండలో బతికేదాన్ని నేను నీళ్ళతో చంపాను!

గింజ పెంకు గట్టిది, నీళ్ళను లోపలికి పోనివ్వదు. ఇదిగో, ఇట్లా శాండ్‌పేపర్ మీద ఒక పక్క రుద్దండి, మెరుపు పోయేదాకానే. రాత్రి నీళ్ళలో వేస్తే పొద్దున్నకు ఉబ్బుతుంది. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాలి. తొలకరికి నాటండి. పెద్ద కుండీ, ఎర్రమట్టి, ఇసుక, గుప్పెడు పశువుల ఎరువు, అంతే. మొలక నిలదొక్కుకున్నాక వేలు గుచ్చి చూడండి, రెండంగుళాల లోతుకు పొడిగా ఉంటేనే నీళ్ళు. ఎండ మాత్రం నిండా తగలాలి.

తుమ్మెద వాలినప్పుడు చెవి పెట్టి వినండి. ఎగిరేటప్పటి చప్పుడు వేరు, పువ్వు మీది చప్పుడు వేరు. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ తిత్తుల్లాంటి కేసరాల్లో, కొసన సన్నని రంధ్రంతో. తుమ్మెద ఒళ్ళు జుమ్మని అదిరిస్తేనే బయటికి రాలుతుంది. నేనైతే కాఫీ చల్లారేదాకా అదే చూస్తూ కూర్చుంటా.

ఆకుల మీద పచ్చ పురుగులు కనబడితే టెన్షన్ పడి మందు కొట్టకండి. కొన్ని లేత రంగు సీతాకోకచిలుకలు దీని మీద గుడ్లు పెడతాయి, ఆ పురుగులు వాటి పిల్లలే. నాలుగాకులు పోతే పోనీ.

నిరుడు బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, మా చెట్టు పూలన్నీ కోసినా తాంబాలంలో ఒక్క వరుసకే వచ్చాయి. మిగతావి మళ్ళీ బజార్లోనే, బేరమాడి.