రాగిరేకు మీద వాలిన పక్షులు

నమస్కారమండీ. స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ కొండదీవి పేరు అనకాపా. కాలిఫోర్నియా దగ్గర సాంటా బార్బరా చానల్‌లో ఉంటుంది. అమెరికా తీరాన్ని కొలిచి పటాలు వేసే ప్రభుత్వ సంస్థ, కోస్ట్ సర్వే వాళ్లు, 1854లో తయారుచేసిన సముద్ర పటం ఇది. ఓడ మీంచి చూసేవాడు ఆనవాలు పట్టేలా, దీవి తూర్పు కొసని కూడా బొమ్మగా చెక్కారు. కొంచెం జూమ్ చేస్తాను. ఆ రాళ్ల పైన చూడండి... పక్షులు! రెండు గుంపులు.

ఓడ నడిపేవాడికి ఆ పక్షులతో పనిలేదు. వాటిని, పటం అచ్చు వేసే రాగిరేకు మీద అదనంగా చెక్కింది ఇరవై ఏళ్ల కుర్రాడు, జేమ్స్ విస్లర్. తర్వాతి రోజుల్లో తల్లి బొమ్మ గీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఆయనే. సర్వే ఆఫీసులో మాత్రం కొద్ది నెలలే ఉన్నాడు. నాకు పాత పటాల పిచ్చి పట్టించింది ఈ పక్షులేనండీ.

ఇదే దీవికి 1853 డిసెంబరులో, పొగమంచులో, విన్‌ఫీల్డ్ స్కాట్ అనే ఆవిరి ఓడ గుద్దుకుంది. అదృష్టం, ప్రయాణికులంతా బతికారు. ఆ తీరానికి మంచి పటం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ సర్వేకి 1807లో అధ్యక్షుడు జెఫర్సన్ కాలంలోనే చట్టం చేశారు. కానీ దాన్ని నడిపిన హాస్లర్ అనే స్విట్జర్లాండ్ ఆయన పరికరాల కోసం 1811లో యూరప్ వెళ్లి, మధ్యలో అమెరికాకీ బ్రిటన్‌కీ యుద్ధం రావడంతో 1815లో గానీ తిరిగి రాలేదు. పని మొదలైన కొన్నాళ్లకే, 1818లో, ఆయన చేతిలోంచి తీసేశారు. మళ్లీ 1832లో అప్పగించారు. అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి!

ఇప్పుడు నా టేబుల్ మీది షీట్‌కి వద్దాం. నీళ్లలో ఈ చిన్న చిన్న అంకెలున్నాయే, అవి లోతులు. ఒడ్డు దగ్గర సన్న చుక్కలు నింపిన చోట అడుగుల్లో, బయట తెల్లగా ఉన్న చోట ఫాదముల్లో. ఫాదమ్ అంటే ఆరు అడుగులు. మన జాలర్లు చేతులు రెండూ చాచి తాడుని కొలిచే బార ఉంది చూశారా, ఇంచుమించు అదే. పడవలోంచి తాడుకి కట్టిన సీసపు గుండు వదిలేవారు. గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు. నేలకి తగిలి పైకొచ్చేసరికి ఇసకో, బురదో, గవ్వ ముక్కలో దానికి అంటుకుని ఉండేవి. అంకెల పక్కన కనిపించే పొట్టి అక్షరాలు అవే, అడుగున ఏముందో చెబుతాయి. లోతుని ఉన్నదున్నట్టు వేసేవారు కాదు, కొలిచిన టైముకి ఆటుపోటు వల్ల ఎంత నీరు పెరిగిందో లెక్కగట్టి, అది తీసేసి వేసేవారు. అంటే ఒక్కో అంకె వెనక ఒకడు తాడు వదిలాడు, మరొకడు టైము రాసుకున్నాడు. నాకైతే ఇది తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇలాంటి పాత పటాలు కొనాలనుకునేవాళ్లు ముందు మడతలు చూడండి. సర్వే వార్షిక నివేదికల్లో పటాల్ని మడిచి పెట్టి కుట్టేవారు, అందుకే పలచటి కాగితం, మడతల దగ్గర చిరుగులు. అవి లోపం కాదు, వాటి పుట్టుక అంతే. పైగా ధర కూడా కాస్త అందుబాటులో ఉంటుంది.

మొదట్లో నేనొక షీట్‌ని ఒరిజినల్ అని నమ్మి కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే, గీత ఉండాల్సిన చోట రంగురంగుల చుక్కలు! మొన్నమొన్న ప్రింటు కొట్టింది. రెండు రోజులు అన్నం సహించలేదు. పాత అచ్చులో గీత తెగకుండా, గీతలాగే ఉంటుంది. ఇంకో మాట, దయచేసి ఎవరూ సెల్లోటేప్ వేయకండి, లామినేషన్ అసలే వద్దు. ఆ జిగురు కాగితాన్ని తినేస్తుంది.

డబ్బు పెట్టక్కర్లేకుండా చూడాలంటే, నోవా (NOAA) అనే అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ పాత పటాల స్కాన్‌లని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. అనకాపా పటం తెరిచి, పక్షుల్ని మీరే వెతకండి. కనపడగానే కామెంట్లో చెప్పండి, నేనూ ఇంకోసారి చూస్తాను.