ఫోన్ లాక్కోవాలా? ఫిట్స్‌పై డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: సూర్యాపేట నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా అబ్బాయికి 19 ఏళ్లు, ఫిట్స్‌కి మందులు వాడుతున్నాడు. ఏడాదిగా ఏమీ లేదు, మొన్న ఆదివారం మళ్లీ వచ్చింది. ఎప్పుడూ ఫోన్ పట్టుకునే ఉంటాడు, ఆ వెలుతురుకే వచ్చిందని ఇంట్లో అందరూ అంటున్నారు. లాక్కోమంటారా?

డాక్టర్: ఆగండమ్మా. ముందు రోజు రాత్రి ఎంతసేపు పడుకున్నాడు?

కాలర్: మా ఆడపడుచు కూతురి పెళ్లండీ, తెల్లవారుజామున ముహూర్తం. అసలు పడుకోలేదు.

డాక్టర్: మరి రాత్రి మాత్ర?

కాలర్: ఇంట్లోనే మర్చిపోయాం. ఒక్క పూటే కదా అనుకున్నాం...

డాక్టర్: అదేనమ్మా అయ్యుంటుంది. మాత్ర తప్పడం, నిద్ర లేకపోవడం, నా దగ్గరికి తిరగబెట్టి వచ్చేవాళ్లలో ఎక్కువగా ఈ రెండే కనిపిస్తాయి, మీవాడికి రెండూ ఒకే రాత్రి కలిశాయి. మిణుకు మిణుకుమనే లైట్లకు ఫిట్స్ వచ్చేవాళ్లు ఉన్నారు, కానీ ఫిట్స్ ఉన్నవాళ్లు వందమందిలో ముగ్గురో నలుగురో. ఈఈజీ, అంటే మెదడులో కరెంటు తరంగాలు చూసే పరీక్ష, తీసేటప్పుడు లైటు కొట్టి చూస్తారు, పాత రిపోర్టు తీసి మీ డాక్టర్‌ని అడగండి. ఫోన్‌తో అసలు గొడవ ఏంటంటే రాత్రి రెండింటి దాకా పడుకోనివ్వదు.

కాలర్: ఆ రోజు పొద్దున వేడినీళ్లతో తలంటు కూడా పోశానండీ.

డాక్టర్: పోస్తుండగా వచ్చిందా?

కాలర్: లేదండీ, మధ్యాహ్నం.

డాక్టర్: అయితే దానివల్ల కాదు. కానీ అడిగి మంచి పని చేశారు, ఎందుకంటే కొంతమందికి బాగా వేడినీళ్లు నెత్తిన గబగబా పోస్తుంటే అప్పటికప్పుడే ఫిట్స్ వస్తుంది, మన దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో, ఇలాంటి కేసులు చాలా చూశారు. వాళ్లు గోరువెచ్చని నీళ్లే పోసుకోవాలి. ఇక జ్వరం, మద్యం, టెన్షన్, కొందరు ఆడపిల్లలకు నెలసరి రోజులు, ఇవీ కారణమవుతాయి. నొప్పికి ట్రమడాల్ లాంటి మాత్ర రాస్తుంటే ఫిట్స్ ఉందని ముందే చెప్పండి.

యాంకర్: వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెడతారు కదా డాక్టర్ గారూ?

డాక్టర్: దయచేసి పెట్టకండి, నోట్లో కూడా ఏమీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైమ్ చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

కాలర్: మాత్ర మర్చిపోతే మర్నాడు రెండు వేయమంటారా?

డాక్టర్: వద్దమ్మా. గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేయండి, తర్వాతి డోసు టైమ్ దగ్గరపడితే అదొక్కటే చాలు. ఈసారి ఊరెళ్తే మాత్రలు సూట్‌కేస్‌లో కాదు, వాడి జేబులోనే ఉండాలి.