పూత ఆరనివ్వండి

(హనుమకొండలో బొమ్మలు నేర్చుకుంటున్నవారి ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకూ, గోడకు ఆనుకుని నిలబడ్డ వాళ్ల అమ్మానాన్నలకూ.

నేను పెన్సిల్ పట్టింది ముప్పై నాలుగేళ్ల వయసులో. ఆలస్యంగా మొదలుపెట్టినోడికి ఆత్రం ఎక్కువ. వంద రోజులు, రోజుకు నాలుగు గంటలు అని క్యాలెండర్ మీద రాసుకున్నాను. డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, పదింటికి కూర్చుంటే లేచేసరికి రెండు దాటేది. మొదటి పదిహేను రోజులు మస్తు హుషారు. తర్వాత బొమ్మ కోసం కాదు, క్యాలెండర్‌లో టిక్కు కోసం గీశాను. ముప్పై ఏడో రోజున మన వేయి స్తంభాల గుడి నందిని గీస్తూ, మెడలో గంటల్ని పదోసారి చెరిపితే కాగితం చిరిగింది. పుస్తకాన్ని బీరువా మీదికి విసిరేశాను. మళ్లీ దించింది ఎనిమిది నెలలకు.

ఆ పుస్తకం ఇదిగో. మొదటి పేజీ వెనక వేలితో తడమండి, నున్నగా ఉంటుంది. ముప్పయ్యో పేజీ వెనక తడమండి, గీతలు వేలికి తగులుతాయి. చెయ్యి అలసిపోతే పెన్సిల్‌ను నొక్కుతుంది. భుజం నుంచి రావాల్సిన గీత మణికట్టు దగ్గరే ఆగిపోయి, ముక్కలు ముక్కలుగా, వెంట్రుకల్లా పడుతుంది. నాకు ఓపిక అయిపోయిందని నా కంటే ముందు కాగితానికి తెలిసింది! ఇప్పటికీ నేను గడియారం కంటే పేజీ వెనక వైపునే ఎక్కువ నమ్ముతాను. గీత తగిలిందంటే ఆ రోజుకు చాలు.

మణికట్టు నొప్పి సంగతి వేరు. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే బామ్ రాసుకుని కూర్చోకండి, డాక్టర్‌కు చూపించండి.

ఆ ఎనిమిది నెలల మధ్యలో ఒకసారి చేర్యాల వెళ్లాను. ఇప్పుడు సిద్దిపేట జిల్లా అంటున్నారు గానీ, నా నోటికి ఇంకా వరంగల్ జిల్లా చేర్యాలే. అక్కడ బట్ట మీద కథలు చెప్పే నకాషీ బొమ్మలు వేసే ఇంటి వాకిట్లో ఖాదీ బట్ట ఆరుతోంది. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూత పూస్తారు. అది పూర్తిగా ఆరాకే రెండో పూత, అది ఆరాక మూడోది. ఆ తర్వాతే కుంచె. సాయంత్రం వరకు ఆ ఇంట్లో ఆ బట్టను ఎవరూ ముట్టుకోలేదు. నేనే నాలుగుసార్లు లేచి వెళ్లి చూసొచ్చాను. నా పూతలు ఏ రోజూ ఆరలేదని అక్కడే అర్థమైంది.

ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే ఈ మాట చెప్పాడు. ఒకే రోజు కూర్చుని వల్లె వేసిన దానికంటే, కొన్ని రోజుల మీద విడదీసి చదివింది బాగా గుర్తుంటుందని తన మీదే ప్రయోగం చేసి చూపించాడు. ఆయన వల్లె వేసింది అర్థం లేని అక్షరాలు, బొమ్మలు కావు. అయినా నా చెయ్యి ఆయన మాటకే సాక్ష్యం చెబుతోంది.

ఇప్పుడు నేను రోజుకు అరగంటే గీస్తాను. కాసేపు పొడుగు గీతలు, గుండ్రాలు. తర్వాత నాకు చేతగానిది ఒక్కటి, ప్రస్తుతం చెప్పులు. ఎంత గీసినా పడవల్లాగే వస్తున్నాయి. చివరి పది నిమిషాలు నా ఇష్టం: మా వీధి మిర్చి బండి, పడుకున్న కుక్క. అవి ఎవరికీ చూపించను, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టను. ఆ పది నిమిషాల కోసమే మర్నాడు మళ్లీ కూర్చోబుద్ధవుతుంది.

ఆదివారం పెన్సిల్ ముట్టను. ఒక ఆదివారం రామప్ప గుడికి పోయి వేటగత్తె శిల్పం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆమె కాల్లో ముల్లు దిగింది. ఆ పాదం పైకి లేస్తే బరువంతా రెండో కాలి మీదికి పోయింది, నడుము ఆ పక్కకు ఒరిగింది. ఇంటికొచ్చి నిలబడ్డ మనిషిని గీస్తే, ఆ మనిషి మొదటిసారి పడిపోకుండా నిలబడ్డాడు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. "ఇయ్యాల ఎన్ని పేజీలు గీసినవ్ బిడ్డా?" అని అడగకండి. "ఏం చూసినవ్?" అని అడగండి.

సరే, పుస్తకాలు తీయండి. పక్కనున్నవాళ్ల చెప్పులు గీయండి. పది నిమిషాలే. నేను చప్పట్లు కొట్టగానే, బొమ్మ సగంలో ఉన్నా సరే, పెన్సిల్ కింద పెట్టేయాలి. తర్వాత చాయ్ ఉంది.