ఆయిల్ లీకా? సీలు మార్చే ముందు పీసీవీ వాల్వు చూడండి

నమస్తే అండి. పాత కారు ఇంజన్ ఆయిల్ కారుస్తోందని ఇంజన్ పైమూత, అంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్పిస్తారు. కొన్నాళ్లకే మళ్లీ అదే చోట తడి. ఈసారి వెనకాల క్రాంక్ ఆయిల్ సీలు కూడా పోయిందంటారు. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఆ మాట వింటే ఎవరికైనా టెన్షనే. అంత పనికి దిగే ముందు చూడాల్సిన చిన్న భాగం ఒకటుంది. అదే పీసీవీ వాల్వు, అంటే పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్ వాల్వు. ఇంత చవకైన భాగాన్ని ఇంతమంది వదిలేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ముందు దాని అవసరం ఏమిటో చూద్దాం. పెట్రోలు మండినప్పుడు పుట్టే వాయువంతా సైలెన్సర్ దారినే పోదు. కొంత పిస్టన్ రింగులు దాటి కిందికి దిగి చాంబర్‌లో, అంటే క్రాంక్ తిరిగే, ఆయిల్ ఉండే కింది భాగంలో చేరుతుంది. కొత్త ఇంజన్‌లోనూ ఇది ఉంటుంది, రింగులు అరిగే కొద్దీ పెరుగుతుంది. గ్యారేజీలో బ్యాక్ కంప్రెషన్ అంటారే, అదే. అందులో మండని పెట్రోలు ఉంటుంది, ఆమ్లంగా మారే వాయువులు ఉంటాయి, నీటి ఆవిరి ఉంటుంది. ఈ నీటిని తక్కువగా చూడకండి. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. చాలావరకు సైలెన్సర్‌లోంచి ఆవిరిగా పోయినా, రింగులు దాటి దిగిన కొంత ఆయిల్లో కలుస్తుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి లాగేయకపోతే ఆయిల్ పాడై నల్లటి జిగురు ముద్ద కడుతుంది.

రెండో సమస్య ఒత్తిడి. లోపల చేరిన వాయువుకు మనం దారి ఇవ్వకపోతే అదే దారి వెతుక్కుంటుంది. ఏ సీలు బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను నెట్టుకుంటూ బయటికొస్తుంది. కొన్నిసార్లు ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ కూడా తన చోటు నుంచి పైకి లేస్తుంది. అంటే మీరు మార్చిన ప్యాకింగ్ మంచిదే కావచ్చు, లోపలి ఒత్తిడి తగ్గనప్పుడు అది మాత్రం ఎంతకాలం ఆపుతుంది?

పూర్వం ఈ వాయువును ఒక పైపు పెట్టి నేరుగా కారు కిందికి వదిలేసేవారు. కారు పరిగెడుతుంటే గాలి వేగానికి ఆ పైపు లాగేది, ఆగి ఉంటే లాగడం ఉండేది కాదు. పైగా ఆ పొగంతా గాల్లోకే. కాలిఫోర్నియాలో 1961 మోడల్ కార్లకూ, 1963 నుంచి అమెరికా అంతటా కొత్త కార్లకూ పీసీవీ వచ్చింది. అప్పటినుంచి ఆ వాయువును ఇంజనే మళ్లీ పీల్చుకుని మండించుకుంటోంది.

ఇదిగో వాల్వు. దగ్గరగా చూడండి. బొటనవేలంత గొట్టం, లోపల ఒక స్ప్రింగు, కదిలే చిన్న ముక్క ఒకటి. ఒక చివర ట్యాపెట్ కవర్‌లో రబ్బరు బుష్‌లో దిగి ఉంటుంది, రెండో చివర నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు, అంటే పీల్చిన గాలిని సిలిండర్లకు పంచే గొట్టానికి పైపు వెళ్తుంది. స్లో స్పీడులో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, మానిఫోల్డ్ లాగుడు బలంగా ఉంటుంది కాబట్టి ఈ ముక్క ముందుకు జరిగి దారిని ఇరుకు చేస్తుంది. అప్పుడు బ్యాక్ కంప్రెషన్ కూడా తక్కువే కదా, ఆ కాస్త దారి సరిపోతుంది. రోడ్డెక్కి నిలకడగా నడుస్తుంటే లాగుడు తగ్గుతుంది, స్ప్రింగు ముక్కను వెనక్కి నెడుతుంది, దారి పెద్దదవుతుంది. ఇంజన్ బ్యాక్‌ఫైర్ కొడితే, అంటే మంట మానిఫోల్డ్‌లోకి వెనక్కి తన్నితే, ఈ ముక్క వెనక్కి కూర్చుని దారి పూర్తిగా మూసేస్తుంది, మంట చాంబర్‌లోకి పోకుండా. కరెంటు లేదు, సెన్సర్ లేదు. ఒక్క స్ప్రింగు ఇన్ని పనులు చేస్తుంది. నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

ఇది పేరుకున్న జిగురుతో మూసుకుపోతే ఒత్తిడి పెరిగి లీకులు మొదలవుతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్ లోపలికి మంచి గాలి తెచ్చే బ్రీదర్ పైపు రెండో పక్క ఉంటుంది, వాయువు దాని గుండా వెనక్కి తన్నుకొస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ తడి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. తెరుచుకునే ఉండిపోతే కథ వేరు. అనవసరమైన గాలి లోపలికి పోయి స్లో స్పీడు నిలవదు, ఇంజన్ వణుకుతుంది, ఆయిల్ కూడా ఎక్కువ లాగేస్తుంది.

ఇక పరీక్ష. ఇంజన్ స్లోలో పెట్టండి. ఫ్యాను, బెల్టు తిరుగుతుంటాయి, చేతులు, చొక్కా అంచులు జాగ్రత్త. పైపు ఊడదీయకుండా వాల్వును మాత్రం కవర్ నుంచి బయటికి లాగి చివర బొటనవేలు పెట్టండి. లోపలి లాగుడు వేలిని గట్టిగా పట్టుకోవాలి, వేలు మూసినప్పుడు ఇంజన్ శబ్దంలో కాస్త తేడా తెలియాలి. లాగుడే లేదంటే వాల్వో, పైపో, మానిఫోల్డ్ దగ్గరి రంధ్రమో మూసుకుపోయింది. ఈ మూడోదాన్ని మర్చిపోకండి. కొత్త వాల్వు వేసి, మసి పట్టిన రంధ్రాన్ని అలాగే వదిలేస్తే ఫలితం ఉండదు.

రెండో పరీక్ష నాకు ఇంకా ఇష్టం. వాల్వును మళ్లీ దాని చోట పెట్టండి. బ్రీదర్ పైపును ఫిల్టర్ డబ్బా దగ్గర ఊడదీసి దాని నోరు మూయండి. ఆయిల్ క్యాప్ తీసి, ఆ రంధ్రం మీద పలచటి కాగితం ముక్క పెట్టండి. కాసేపట్లో కాగితం రంధ్రానికి అతుక్కోవాలి. అతుక్కుంటే లోపల లాగుడు ఉన్నట్టే. ఎగిరిపోతుంటే దారి మూసుకుపోయి ఉండాలి, లేదా వాల్వు మోయలేనంత వాయువు రింగులు దాటి వస్తుండాలి.

చాలామంది వాల్వును చెవి దగ్గర ఊపి, టిక్కుటిక్కుమంటే బాగుందని తీర్మానిస్తారు. ముక్క కదులుతోందని మాత్రమే అది చెబుతుంది. స్ప్రింగు నీరసపడిందా లేదా అన్నది దాంతో తెలియదు. ఇంకో మాట, నోటితో పీల్చి మాత్రం చూడకండి. లోపల పట్టి ఉన్న మురికి ఆరోగ్యానికి హాని.

ఇప్పుడు పైపు. దీన్ని నిలువుగా కోసి చూపిస్తున్నాను. బయట నల్లగా, బాగానే ఉంది. లోపల రబ్బరు ఉబ్బి మెత్తబడి, దారి సగానికి తగ్గిపోయింది. ఇలాంటి పైపు చేత్తో పట్టుకుంటే బాగానే అనిపిస్తుంది, ఇంజన్ లాగగానే చదునుగా అతుక్కుపోతుంది. దీని బదులు చేతికందిన నీళ్ల పైపు ముక్క పెట్టకండి. ఆయిల్, పెట్రోలు ఆవిరికి తట్టుకునే పైపే వేయాలి. వాల్వు కూర్చునే రబ్బరు బుష్ గట్టిపడి పగుళ్లిస్తే దాన్నీ మార్చండి, లేకపోతే అక్కడినుంచే గాలి చొరబడుతుంది.

వాల్వు కడిగి వాడొచ్చా? కార్బ్ క్లీనర్ కొట్టి కడిగితే కొంతకాలం పనిచేయొచ్చు. అయినా నేను మార్చమనే అంటాను, స్ప్రింగు వయసు కడిగితే తగ్గదు కదా. కొత్తది మీ ఇంజన్ మోడల్‌కు చెప్పిన నంబరుదే కొనండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఎంత గాలి వదలాలన్న లెక్క ఇంజన్‌ను బట్టి మారుతుంది.

అన్ని కార్లలో ఈ వాల్వు ఇలాగే ఉండదు. కొన్నింటిలో చిన్న స్థిర రంధ్రం మాత్రమే ఉంటుంది, దాన్ని శుభ్రం చేస్తే చాలు. కొన్నింటిలో ట్యాపెట్ కవర్‌లోనే రబ్బరు డయాఫ్రం ఉంటుంది, అది చిరిగితే ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. పాత వోల్వోల్లో ఫ్లేమ్ ట్రాప్ అని వేరే ముక్క ఉంటుంది, మూసుకుపోయేది అదే. డీజిల్ ఇంజన్ల పద్ధతి వేరు, వాటికి ఈ పరీక్షలు వాడకండి.

ఆయిల్ క్యాప్ కింద పాలమీగడ లాంటి తెల్లటి జిగురు కనిపిస్తే వెంటనే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింది ప్యాకింగ్) పోయి కూలెంట్ ఆయిల్లో కలుస్తోందని కంగారు పడకండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కని చిన్న చిన్న ప్రయాణాల్లో ఆవిరి అక్కడ పేరుకుంటుంది. కూలెంట్ తగ్గుతోందా, డిప్ స్టిక్ మీద ఆయిల్ రంగు మారిందా అన్నది చూసుకోండి. ఆ రెండూ లేకపోతే క్యాప్ తుడిచి, పీసీవీ సరిచేసి, అప్పుడప్పుడు కారును కాస్త ఎక్కువ దూరం నడపండి.

ఇదంతా నేనింత పట్టుబట్టి చెప్పడానికి ఒక కారణం ఉంది. ఆయిల్ క్యాప్ తీయగానే పొగ కనిపిస్తే, ఇంజన్ బోరుకు వచ్చిందని, అంటే రింగులు, సిలిండర్లు అరిగిపోయాయని తేల్చేయడం తేలిక. అలా తేల్చిన బళ్లలో కొన్నింటికి పోయింది పీసీవీయే. కాబట్టి ముందు వాల్వు, పైపు, బుష్ మార్చండి, మానిఫోల్డ్ రంధ్రం శుభ్రం చేయండి, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయండి, తడిసిన చోట్లన్నీ తుడిచేయండి. కొన్నాళ్లు నడిపి, మళ్లీ కాగితం పెట్టి చూడండి. అప్పటికీ కాగితం ఎగురుతూనే ఉంటే, ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ చేరుతూనే ఉంటే, సిలిండర్లు ఒత్తిడిని ఎంత నిలుపుతున్నాయో కొలిచే కంప్రెషన్ టెస్టూ లీక్‌డౌన్ టెస్టూ చేయించండి. రింగుల సంగతి ఆ అంకెలు చేతిలోకి వచ్చాక మాట్లాడుకోవచ్చు.