గొంతు ఆపరేషన్ తర్వాత కాల్షియం మాట

శ్రోతలకు నమస్కారం. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి థైరాయిడ్ ఆపరేషన్‌కి చెన్నై వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. కుట్లు మానగానే సెంట్రల్‌లో రైలెక్కి వెళ్లిపోతారు. వాళ్లలో కొందరికి పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు మొదలవుతాయి. వేళ్లు కొంకర్లు పోతాయి. కాల్షియం మరీ పడిపోతే ఫిట్స్ కూడా వస్తాయి. "ఏం లేదమ్మా, టెన్షన్" అని పంపించేసేవాళ్లూ ఉన్నారు.

థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు మామూలుగా నాలుగుంటాయి. వాటిని పారాథైరాయిడ్ గ్రంథులంటారు. రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే హార్మోన్ అక్కడే తయారవుతుంది. ఆపరేషన్‌లో అవి దెబ్బ తిన్నా చాలామందిలో కొన్ని వారాల్లో కోలుకుంటాయి. 12 నెలలు దాటినా కోలుకోకపోతే అది శాశ్వత హైపోపారాథైరాయిడిజం. ఆపరేషన్‌తో సంబంధం లేకుండా ఈ జబ్బు వచ్చేవాళ్లూ ఉన్నారు గానీ, వాళ్లు తక్కువ.

ఇక్కడే ఒక చిక్కుంది. రిపోర్టులో కాల్షియం నార్మల్ గీతకు కాస్త కింద కనబడగానే ఇంట్లోవాళ్లు కంగారుపడి బిళ్లలు పెంచేస్తారు. ఆ హార్మోన్ లేనివాళ్ల కిడ్నీలు కాల్షియాన్ని పట్టి ఉంచలేవు. ఎంత పోస్తే అంతా మూత్రంలోకి జారుతుంది, రాళ్లు కడతాయి, కిడ్నీ దెబ్బ తింటుంది. అందుకే తిమ్మిర్లు లేకుండా, కాల్షియం నార్మల్‌లో కింది అంచునో, కొద్దిగా దిగువనో ఉంటే చాలంటారు డాక్టర్లు. 24 గంటల మూత్రం పట్టి చేసే కాల్షియం పరీక్ష ఇందుకే. క్యాన్ మోసుకు తిరగాలని రోగులు వాయిదా వేస్తారు, రాయడం డాక్టర్లూ మరిచిపోతారు. నన్నడిగితే, వైద్యం బాగుందో లేదో ఆ ఒక్క పరీక్ష అడుగుతున్నారా లేదా అన్నదాన్ని బట్టే తెలిసిపోతుంది. ఫాస్ఫరస్, మెగ్నీషియం, క్రియాటినిన్ కూడా చూస్తుండాలి.

మందుల షాపులో ఇంకో జాగ్రత్త. వీళ్లకు కావలసింది కాల్సిట్రయాల్ లాంటి, ఒంట్లో నేరుగా పనిచేసే విటమిన్ డి. అది లేదని మామూలు డి3 పొడి చేతిలో పెడితే తీసుకోకండి, రెండూ ఒకటి కాదు. కాల్షియం కార్బొనేట్ బిళ్ల భోజనంతో వేసుకోవాలి. రోజూ గ్యాస్ బిళ్ల వాడేవాళ్లకు అది సరిగా ఒంటబట్టదు, సిట్రేట్ రకం నయం. పొద్దున్నే వేసుకునే థైరాయిడ్ బిళ్లకీ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇక పాలు తాగితే సరిపోతుందనే సలహా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. పాలలో ఫాస్ఫరస్ కూడా బాగా ఉంటుంది, వీళ్లకు అది ముందే ఎక్కువ.

ప్రతిసారీ చెన్నై రానక్కర్లేదు. రక్తపరీక్ష నెల్లూరులోనే చేయించుకుని, రిపోర్టు పంపి, ఫోన్లో డోసు సరిచేయించుకోవచ్చు. అర్ధరాత్రి క్యాజువాలిటీకి వెళ్లాల్సి వస్తే మాత్రం, అక్కడి డాక్టరుకు మీ గొంతు ఆపరేషన్ సంగతి తెలియదు. "పారాథైరాయిడ్ హార్మోన్ లేదు, కాల్షియం పడిపోతే సూదిమందు కావాలి" అని మీ డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించుకోండి. దాని ఫోటో మీ ఫోన్లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్లోనూ ఉంచండి.