జ్యూరీ సమన్లు చేతికందితే: అమెరికా కోర్టులో మనం కూర్చునే కుర్చీ

(తెరపై: ఇంటి ముందు పోస్టు డబ్బా; అందులోంచి ఒక చెయ్యి కవరు తీస్తుంది)

నమస్కారం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఏదో ఒక రోజు పోస్టులో కోర్టు ముద్రతో ఒక కవరు వస్తుంది. మన ఊళ్లలో కోర్టు మెట్లెక్కడమంటే తగాదాలో చిక్కుకున్నట్టే లెక్క కాబట్టి, ఆ కవరు చూడగానే గుండె ఝల్లుమంటుంది. అయితే ఈ సమన్లు మన మీద మోపిన నేరం గురించి కావు. ఇంకొకరి కేసులో నిజానిజాలు తేల్చే సాధారణ పౌరుల బృందంలో, అంటే జ్యూరీలో, కూర్చోవడానికి రమ్మన్న పిలుపు.

ముందుగా, ఆ పిలుపు ఏ కోర్టు నుంచి వచ్చిందో చూడాలి. భారతదేశంలో జిల్లా కోర్టు నుంచి సుప్రీం కోర్టు దాకా ఒకే నిచ్చెన ఉంటుంది. అమెరికాలో రెండు నిచ్చెనలు ఉన్నాయి. దొంగతనం, హత్య, విడాకులు, అద్దె తగాదా, రోడ్డు ప్రమాదం వంటివి చాలావరకు రాష్ట్ర కోర్టుల్లోనే తేలతాయి. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, చట్టాలకు సంబంధించిన కేసులు 94 ఫెడరల్ జిల్లా కోర్టుల్లో మొదలై, 13 అప్పీలు కోర్టుల మీదుగా, తొమ్మిది మంది న్యాయమూర్తులున్న సుప్రీం కోర్టు వైపు సాగుతాయి. జ్యూరీ కూర్చునేది మాత్రం విచారణ జరిగే కింది కోర్టులోనే.

(తెరపై: సమన్లతో వచ్చిన ప్రశ్నల ఫారం, దగ్గరగా)

ఈ ఫారం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే మనవాళ్లు పొరబడేది ఇక్కడే. జ్యూరర్‌గా, అంటే జ్యూరీ సభ్యులుగా, కూర్చోవాలంటే అమెరికా పౌరులై ఉండాలి, 18 ఏళ్లు నిండి ఉండాలి, ఇంగ్లీషు అర్థమవ్వాలి. కొన్ని రాష్ట్రాలు డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా పేర్లు తీసుకుంటాయి కనుక, గ్రీన్ కార్డు మీదో, ఉద్యోగ వీసా మీదో ఉన్నవారికీ సమన్లు రావచ్చు. అలాంటప్పుడు మనకు కాదులే అని పక్కన పడేయకుండా, పౌరులం కామని ఆ ఫారంలోనే రాసి గడువులోగా పంపాలి. పౌరులమని పొరపాటున టిక్కు పెడితే, అది ముందుముందు ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

అర్హులైనవారు చెప్పిన రోజున కోర్టుకు వెళ్తే, మొదట జరిగేది ఎంపిక. కొత్తగా పౌరసత్వం పొందినవారు తమ యాసకు జంకుతారు గానీ, అక్కడ ఎవరూ ఉచ్చారణను పరీక్షించరు. మీ ఇంట్లో ఎప్పుడైనా దొంగలు పడ్డారా, పోలీసు శాఖలో బంధువులున్నారా, ఈ లాయర్లలో ఎవరైనా తెలుసా అని అడుగుతారు. నలుగురిలో చెప్పలేని సంగతైతే జడ్జితో విడిగా చెప్పుకుంటామని అడగవచ్చు. పక్షపాతం బయటపడినవారిని జడ్జి తప్పిస్తారు. కారణం చెప్పకుండానే కొందరిని వద్దనే హక్కు చాలాచోట్ల లాయర్లకూ ఉంది. అయితే జాతిని బట్టి అలా తొలగించకూడదని సుప్రీం కోర్టు 1986లో బాట్సన్ కేసులో తేల్చింది. కాబట్టి మనల్ని వద్దన్నారని చిన్నబుచ్చుకోనక్కర్లేదు, తప్పించుకోవడానికి అబద్ధమాడనూ కూడదు.

విచారణలో పని రెండుగా చీలుతుంది. చట్టం ఏం చెబుతుందో జడ్జి వివరిస్తారు. జరిగిందేమిటో జ్యూరీ తేలుస్తుంది. క్రిమినల్ కేసులో సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరం రుజువైతేనే ముద్దాయిని దోషి అనాలి. కేసు నడిచినన్నాళ్లూ దాని గురించి ఇంట్లో మాట్లాడకూడదు, ఫోనులో వెతకకూడదు. మనం సొంతంగా చదివి తెలుసుకున్నదాన్ని ప్రశ్నించే అవకాశం ముద్దాయి లాయరుకు ఉండదు. నాకు ఈ నియమం మొత్తం వ్యవస్థకే ఆయువుపట్టుగా కనిపిస్తుంది.

మన దేశంలోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1959లో బొంబాయిలో హత్య కేసులో ముద్దాయైన నౌకాదళ అధికారి నానావతిని జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అంటే, సెషన్స్ జడ్జి ఆ నిర్ణయాన్ని ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. చివరికి ఆయనకు శిక్ష పడింది. తర్వాత వచ్చిన 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అమెరికాలో జ్యూరీ నిర్దోషి అని తేల్చాక జడ్జి దాన్ని తిరగదోడలేరు, ప్రభుత్వం అప్పీలు చేయలేదు. మరోవైపు, తీవ్రమైన నేరాల్లో దోషి అనడానికి జ్యూరర్లందరి ఏకాభిప్రాయం కావాలని 2020లో రామోస్ కేసులో సుప్రీం కోర్టు రాష్ట్రాలన్నిటికీ వర్తించేలా చెప్పింది.

ఇక డబ్బు సంగతి: ఫెడరల్ కోర్టులో రోజుకు 50 డాలర్లు ఇస్తారు, చాలా రాష్ట్రాల్లో అంతకన్నా తక్కువే. ఫెడరల్ జ్యూరీకి వెళ్లారన్న కారణంతో యజమాని ఉద్యోగం తీసేయకూడదని చట్టమే ఉంది.

(తెరపై: జ్యూరీ గది తలుపు తెరుచుకుంటుంది)

తీర్పు చదివాక, ఏ పక్షం లాయరైనా కోరితే, జ్యూరర్లను ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారు: "ఇది మీ తీర్పేనా?" అప్పుడు ఎవరికి వారే, అందరూ వింటుండగా, అవుననో కాదనో జవాబు చెప్పాలి.