కారు లోపలి చిన్న దీపాలు: బల్బు విప్పే ముందు

నమస్కారం. మొన్న రాత్రి ఊరి నుంచి వస్తుంటే నాన్నగారి చేతిలోంచి మాత్రల షీటు జారి వెనక సీటు కిందకు పోయింది. కారు పక్కకు ఆపి రూఫ్ లైటు వేశాను. వేశానన్న మాటే గాని, ఆ వెలుగుకు సీటు రంగు కూడా ఆనలేదు. చివరికి ఫోను టార్చితో వెతికి తీశాం. పదకొండేళ్ల కారు ఇది. ఇవాళ ఈ దీపం సంగతి తేల్చాలని కూర్చున్నాను, మీరూ నాతో కూర్చోండి.

వెంటనే బల్బు పీకేయడం లేదు. ముందు ఈ స్విచ్చు చూడండి. దీనికి మూడు స్థానాలున్నాయి. ఒక చివర పెడితే ఎప్పుడూ వెలుగుతుంది, రెండో చివర పెడితే ఎప్పుడూ వెలగదు. మధ్యలో పెడితే తలుపు తీసినప్పుడు వెలుగుతుంది. తలుపు తీసినట్టు పైనున్న బల్బుకు ఎలా తెలుస్తుంది? ఇదిగో, కెమెరాను తలుపు దగ్గరికి తెస్తున్నాను. తలుపు మూసుకునే చోట, ఈ స్తంభం మీద రబ్బరు తొడుగు ఉన్న చిన్న బొత్తాం కనిపిస్తోందా? వేలితో నొక్కితే లైటు ఆరింది. వదిలితే వెలిగింది. మరికొన్ని కార్లలో ఈ బొత్తాం ఉండదు, తలుపు లాకు లోపలే స్విచ్చు ఉంటుంది. పని మాత్రం ఇదే.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో స్విచ్చు ఫేజ్ తీగ మీద ఉంటుంది, ఆపేస్తే బల్బు దాకా కరెంటు రాదు. కారులో ఈ రూఫ్ లైటుకు చాలావరకు తిరగేసి ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ కారు బాడీకి బిగించి ఉంటుంది కాబట్టి ఈ ఇనుము మొత్తం ఒక పెద్ద తీగ అన్నమాట. దాన్నే మెకానిక్కులు ఎర్త్ అంటారు. బల్బుకు ఒకవైపు పాజిటివ్ నేరుగా వచ్చి ఆగి ఉంటుంది, గుమ్మం దాకా వచ్చి నిలబడిన చుట్టంలాగా. తలుపు తీస్తే ఆ బొత్తాం రెండోవైపును బాడీకి కలుపుతుంది, అప్పుడు వెలుగుతుంది. అంటే లైటు ఆరి ఉన్నా బల్బు హోల్డరులో కరెంటు ఉన్నట్టే.

ఇది తెలియక నేనొకసారి తల బొప్పి కట్టించుకున్నాను. లైటు ఆరి ఉంది కదా అని ఇనుప స్క్రూడ్రైవరుతో బల్బును పైకి లేపబోయాను. దాని మొన పాజిటివ్ రేకుకు, నడుము పక్కనున్న ఇనుముకు ఒకేసారి తగిలింది. చిటుక్కుమని చిన్న మెరుపు. లైటు పోయింది, దాంతోపాటు రేడియో, గడియారం కూడా పోయాయి, అన్నిటికీ ఒకటే ఫ్యూజు మరి. రేడియో పాడైందేమోనని ఒక పూట బెంగపెట్టుకున్నాక తెలిసింది, కాలింది ఫ్యూజు ఒక్కటేనని.

అందుకే ముందు ఫ్యూజు తీద్దాం. నా కారులో స్టీరింగు కింద, ఈ మూత వెనక ఉంది. మూత లోపలివైపు పటం ఉంటుంది, అందులో రూమ్ అనో డోమ్ అనో రాసి ఉన్నది మనకు కావలసిన ఫ్యూజు. పెట్టెలోనే ప్లాస్టిక్ చిమటా ఉంటుంది, దానితో నిటారుగా లాగండి. ఎరుపుది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. తీసిన రంగే మళ్లీ పెట్టాలి. ఎరుపు మాటిమాటికీ కాలుతోందని పసుపు పెట్టే మహానుభావులున్నారు. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, తీగ.

ఇక మూత. దీనికి ఇనుప పనిముట్లు వద్దు, గీతలు పడతాయి. పాత ఏటీఎం కార్డు తీసుకుని ఈ సందులో దూర్చి కొద్దిగా తిప్పితే టక్కున ఊడుతుంది. మీ కారులో కిటికీల మీదికి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటే ఒక మాట గుర్తుంచుకోండి. అవి పైకప్పు అంచుల వెంట, గుడ్డ వెనక మడతపెట్టి ఉంటాయి. మధ్యలో ఉన్న ఈ దీపం దగ్గర ఫరవాలేదు గాని, కిటికీల పైన, ముందు స్తంభాల మీద ఉన్న ప్లాస్టిక్ జోలికి వెళ్లవద్దు. కొత్త తీగలు అటు నుంచి అసలే లాగవద్దు.

ఈ మూతను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటున్నాను, చూడండి. లోపలంతా పసుపు పొర, నాలుగు దోమలు, ఒక ఈగ. పదకొండేళ్ల జమా. దీన్ని గోరువెచ్చని సబ్బు నీళ్లలో పది నిమిషాలు వేసి మెత్తటి గుడ్డతో తుడిచాను. తుడిచాక అదే పాత బల్బు పెట్టి, ఫ్యూజు బిగించి చూశాను. సగం చీకటి పోయింది! డబ్బు పెట్టే ముందు ఈ పని చేయండి. మీలో కొందరికి వీడియో ఇక్కడితో అయిపోవచ్చు.

నాకు అయిపోలేదు. ఫ్యూజు మళ్లీ తీశాను. ఇది ఫెస్టూన్ బల్బు. చిన్న గాజు గొట్టం, రెండు చివరలా లోహపు టోపీలు. దుకాణంలో రూఫ్ లైటు బల్బు అన్నా ఇస్తారు, కానీ పొడవు చెప్పాలి. 31, 36, 39, 41 మిల్లీమీటర్లు, ఇలా రకాలున్నాయి. కొస నుంచి కొసకు స్కేలుతో కొలవండి. పట్టుకునే ముందు చల్లారనివ్వండి, అప్పటిదాకా వెలిగి ఉంటే చురుక్కుమంటుంది. ముందు సీట్ల పైన కప్పులో, డిక్కీలో కొన్ని కార్లకు టీ10 రకం ఉంటుంది. లోహపు టోపీ లేకుండా, అడుగున గాజే చదునుగా నొక్కి ఉంటుంది. పార్కింగ్ లైటులో వేసేది కూడా చాలా కార్లలో అదే.

హోల్డరులోని ఈ రెండు రేకుల మీద నల్ల మచ్చ కనిపిస్తోందా? సన్నటి గరుకు కాగితంతో రెండుసార్లు రుద్దండి, ఇత్తడి మెరుపు కనబడితే చాలు. రేకులు వదులైతే వేలితో కొద్దిగా లోపలికి వంచండి. గుంతల రోడ్డు మీద లైటు మినుకుమినుకుమనడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇప్పుడు ఎల్ఈడీ. పాత 5 వాట్ల బల్బు 45, 50 ల్యూమెన్ల వెలుగిస్తుంది, మిగతాదంతా వేడి. ఒక వాటు ఎల్ఈడీ అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. వెలుగు ఇంకా కావాలని 5 వాట్ల చోట 10 వాట్ల పాత రకం బల్బు పెడితే మాత్రం మూత మెత్తబడి వంగిపోతుంది. బ్యాటరీ లెక్క కూడా ఒకటుంది. 10 వాట్ల దీపం గంటకు దాదాపు 0.8 ఆంపియర్-గంటలు తాగుతుంది. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది అనుకుంటే, సాయంత్రం మరచిపోయిన దీపం మర్నాడు మధ్యాహ్నానికి దాన్ని సగం ఖాళీ చేస్తుంది. పాత బ్యాటరీ అయితే ఇక ఇంజను తిరగదు. ఎల్ఈడీకి ఈ భయం బాగా తగ్గుతుంది.

రంగు దగ్గర నా మాట వినండి. దుకాణంలో తళతళలాడే నీలి తెలుపు చూపిస్తారు, 6000 కెల్విన్ అని రాసి ఉంటుంది. పగలు చూడటానికి బాగుంటుంది. రాత్రి రోడ్డు పక్కన ఆగి, అది ఆర్పి మళ్లీ బయలుదేరినప్పుడు కాసేపు ఎదురుగా ఏమీ కనిపించదు. నేను 3000 కెల్విన్ వెచ్చని రంగు తెచ్చాను. నీలం, ఊదా రంగుల గురించి నన్ను అడగకండి, కారును కల్యాణమండపం చేయడం నాకు నచ్చదు.

పెడుతున్నాను. ఎల్ఈడీలు ఉన్న ముఖం కిందికి ఉండాలి. పాత బల్బు నలువైపులా వెలుగిచ్చేది, ఇది ఒకవైపే ఇస్తుంది. ఫ్యూజు బిగించి తలుపు తీశాను. వెలగలేదు. కంగారు లేదు, ఎల్ఈడీకి పాజిటివ్, నెగటివ్ తేడా ఉంటుంది. ఫ్యూజు తీసి, బల్బును కొసలు మార్చి పెడుతున్నాను. ఫ్యూజు బిగించాను, వెలిగింది.

కొందరికి ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది. తలుపులన్నీ మూసినా ఎల్ఈడీ మిణుగురులా మినుకుతూనే ఉంటుంది. తలుపు మూశాక లైటు మెల్లగా ఆరే కార్లలో ఇది ఎక్కువ. ఆ దీపాన్ని నడిపే ఎలక్ట్రానిక్స్ ఆరినప్పుడు కూడా రవ్వంత కరెంటు వదులుతాయి. పాత బల్బు ఫిలమెంటును వేడెక్కించడానికి అది చాలదు కాబట్టి ఇన్నేళ్లూ మనకు తెలియలేదు. ఎల్ఈడీకి మాత్రం ఆ కాస్తా చాలు. మందు తేలిక. 1 కిలో ఓమ్, అర వాటు రెసిస్టరును (కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం) బల్బుకు సమాంతరంగా, అంటే హోల్డరు రెండు రేకుల మధ్య కలపాలి. గోధుమ, నలుపు, ఎరుపు గీతలు చూసి తీసుకోండి. దాని రెండు తీగ కాళ్లకు ప్లాస్టిక్ గొట్టం తొడుగు వేయండి, రెసిస్టరు మూతకు ఆనకుండా చూడండి. ఆ రవ్వంత కరెంటు రెసిస్టరు దారిన పోతుంది, ఎల్ఈడీ ఆరుతుంది.

కాళ్ల దగ్గర చిన్న వెలుగు కోసం ఎల్ఈడీ పట్టీ అతికించాలనుకునేవారికి ఒక హెచ్చరిక. పట్టీ మీద 12 వోల్టులని ఉంటుంది. కారులో 12 ఉండేది ఇంజను ఆగి ఉన్నప్పుడు. నడుస్తున్నప్పుడు 14 దాటుతుంది. రెండు వోల్టులే కదా అనిపిస్తుంది. ఈ పట్టీని దగ్గరగా చూడండి. మూడేసి ఎల్ఈడీలకు ఒక రెసిస్టరు. మూడు ఎల్ఈడీలు కలిసి దాదాపు 9.6 వోల్టులు తీసుకుంటాయి, 12లో మిగిలిన 2.4 రెసిస్టరు మీద పడుతుంది. 14.4 వోల్టులైతే మిగిలేది 4.8. అంటే కరెంటు దాదాపు రెట్టింపు! కొన్న ఆర్నెల్లకే పట్టీలో ముక్కలు ముక్కలుగా ఆరిపోయేది ఇందుకే. కారు కోసమే చేసినది, వోల్టేజి పరిధి రాసి ఉన్నది కొనండి. దానికి విడిగా 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఇంజను ఆపి తాళంచెవి తీస్తే ఆగిపోయే లైను నుంచే కరెంటు ఇవ్వండి. పెడల్స్ కింద వేలాడే తీగ మాత్రం ఒక్కటీ ఉండకూడదు. అక్కడ చేయి తిరగకపోతే ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి.

మూత బిగించాను. నాలుగు తలుపులు, డిక్కీ ఒక్కొక్కటే తీసి మూసి చూస్తున్నాను. నాలుగో తలుపుకు వెలగలేదు, అక్కడి బొత్తాం తుప్పు పట్టినట్టుంది, ఆ పని రేపటికి. ఇప్పుడు కారు లాక్ చేసి లోపలికి వెళ్తాను. అరగంటయ్యాక వచ్చి కిటికీలోంచి తొంగి చూస్తాను, పూర్తిగా చీకటిగా ఉండాలి. పాత బల్బును దూదిలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో వేశాను. నాన్నగారి మాత్రల షీటు కూడా అక్కడే ఉంది.